క్లీన్ శాంపిల్

పరుగు!

భుజాన సంచి. సంచి నిండా మసిబారిన ఎయిర్ ఫిల్టర్లు. వెనక బైక్!

కరెంటు పోయి సందంతా చీకటి. వాననీళ్ళు చీలమండల దాకా.

"ఆగవే!"

ఆగడమా? ఆగితే సంచీ పోతుంది, ప్రాణమూ పోతుంది! ఆమె ల్యాబ్‌లో పనిచేసే మనిషి. స్కూల్లో కూడా ఎప్పుడూ పరుగుపందెం గెలవలేదు.

సందు చివర హెడ్‌లైట్లు... కారు తలుపు తెరుచుకుంది.

"చిట్టీ, ఎక్కు!"

బావ! అక్క మొగుడు. పోలీస్ ఇన్‌స్పెక్టర్. ఇందాక భయంతో ఫోన్ చేసింది ఆయనకే.

ఆమె దూకి కూర్చుంది. కారు కదిలింది.

"ఏముంది ఆ సంచిలో? ప్రాణం మీదికి తెచ్చుకున్నావ్!"

"టాక్సీల ఫిల్టర్లు బావా. బండి ఏ వీధిలో తిరిగితే ఆ వీధి దుమ్ము ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ ఉందే... దాని చుట్టూ తిరిగే టాక్సీలన్నిట్లో సీసం! రేపు కోర్టులో పెడితే వాళ్ళ గేటుకి తాళమే."

"సీసం..." బావ గొంతు తగ్గింది.

ఆ మాటంటే ఇంట్లో అందరికీ వణుకే. అక్క కొడుకు రక్తంలో ఉన్నది అదే. ఆరేళ్ళ పిల్లాడు... కడుపునొప్పితో మెలికలు తిరుగుతాడు. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండదు. ఇల్లేమో ఫ్యాక్టరీకి దూరంగా, కొండమీద. విషం ఎలా వచ్చిందో డాక్టర్లకూ అంతుపట్టలేదు.

అందుకే ఆమె ఇంత పంతం పట్టింది.

కారు ఫ్యాక్టరీ వెనక రోడ్డులోకి తిరిగింది.

"ఇటెందుకు బావా?"

"దగ్గర దారంట. నేనూ ఇటు రావడం ఇదే మొదలు."

రోడ్డంతా నీళ్ళు. నీళ్ళ కింద గుంతలు. కారు మాత్రం ఎడమకి... కుడికి... మళ్ళీ ఎడమకి! ఒక్క గుంతలోనూ పడలేదు.

మొదటిసారి వచ్చినవాడికి నీళ్ళ కింది గుంతలు ఎలా తెలుసు?

టాక్సీలతో పోల్చి చూడ్డానికి ఒక క్లీన్ శాంపిల్ కావాలి. మంచి గాలిలో తిరిగే బండిది. పోయిన వారం బావ కారు ఫిల్టరే తీసుకుని కొత్తది బిగించింది. తీరా చూస్తే అన్నిటికంటే ఎక్కువ సీసం దాన్లోనే! కవర్లు తారుమారు చేశానని తనని తాను తిట్టుకుంది. మళ్ళీ పరీక్షించింది... మళ్ళీ తిట్టుకుంది.

కవర్లు మారలేదు.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది!

కారు ఆగింది. పక్కనే కాలవ.

బావ చేతిలో పిస్టల్!

"సంచి ఇవ్వు. ఇస్తే నిన్ను వదిలేయమని వాళ్ళకి చెప్తాను."

ఇచ్చింది. ఆయన కిందికి దిగి విసిరేశాడు. సంచి బుడుంగున మునిగింది. ఆమె కూడా దిగింది. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

"కంచే చేను మేసిందన్నమాట! ఎన్నాళ్ళుగా వాళ్ళకి కాపలా కాస్తున్నావ్?"

బావ కారు వైపు తిరిగాడు.

"రోజూ ఆ ఫ్యాక్టరీ లోపలే కారు పెడతావు కదూ? మరి బాబుని స్కూల్లో దింపేది ఏ కార్లో బావా?"

"నోర్ముయ్!"

"నీ బూట్లకంటిన దుమ్ము, సీట్లమీది దుమ్ము... వాడు బిస్కెట్ కింద పడితే తీసుకుని తింటాడు! ఆ విషం దానంతటదే కొండెక్కిందనుకున్నావా? నువ్వే మోసుకొచ్చావ్!"

బావ చూపు కారు వెనక సీటు మీదికి వెళ్ళింది. అక్కడ చిన్న బూటు ఒకటి పడి ఉంది.

బైక్ వచ్చి ఆగింది.

"సంచి పోయినా నోరుంది కదా సార్," బైక్ వాడు నవ్వాడు. "మీరు కాలుస్తారా, నన్ను కాల్చమంటారా?"

పిస్టల్ లేచింది. ఆమె గుండెకి గురి!

"చిట్టీ..." అన్నాడు బావ.

ఆమె కళ్ళు మూసుకుంది.

ఢాం!

నొప్పి లేదు...

కళ్ళు తెరిచింది. బైక్ వాడు తొడ పట్టుకుని బురదలో దొర్లుతున్నాడు.

బావ ఏడుస్తున్నాడు.

"నా ఫిల్టర్... అదీ ఆ సంచిలోనే ఉందా?"

"లేదు. ల్యాబ్‌లో ఉంది."

పిస్టల్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు కోర్టులో ముందు దాన్నే పెట్టు. ఎవరి బండిదని అడిగితే... ఆ పిల్లాడి నాన్నదని చెప్పు."