పౌడరు అంటని కార్డు

నాగావళి నది వీధుల్లోకి వచ్చిన వరద తర్వాత రెండో ఏడు అది. కంప్యూటరన్న మాట అప్పటికి చాలామంది విననే లేదు. చీపురుపల్లి స్టేషన్ వెనక గోగునార గోడౌనులో మాత్రం రహస్యంగా ఒకటుంది.

గోగునార బేరగాడి వేషంలో లోపలికొచ్చిన ఏజెంట్ డేవిడ్‌రాజును చూసి చీఫ్ జగన్నాధం చుట్ట ఆర్పాడు.

"సాయంత్రం మందుగుండు రైలొస్తాది. ఏ లైనులోకి పంపాలో మెషీనే చెప్పాలి. విదేశీ ముఠా దాని ప్రోగ్రాంలో చెయ్యి పెట్టింది. పక్కనున్న లూప్‌లైనులో బాంబుందని కబురు."

"రైలాపీండి సార్."

"ఆపినా, మెషీన్‌ని కాదని లైను మార్చినా ముఠా జారిపోతాది. ప్రోగ్రాం నిండా పాత తప్పులే. అన్నీ దిద్దే టైం లేదు. ఏది ముందో తేల్చు."

ప్రోగ్రాం అంటే చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్టలు. వాటిని రాసింది కాంతం. నల్లకళ్లద్దాలు, ఫారిన్ ట్రెయినింగు. డేవిడ్‌రాజుకు మేనమామ కూతురు. వచ్చే నెల పెళ్లి; చర్చిలో మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటన రెండుసార్లు చదివేశారు కూడా.

"ముందు పైకట్ట సరిసెయ్యి బావా. సిక్కులన్నీ అందులోనే. కిందికట్ట బాగానే పన్జేస్తన్నాది, దాని జోలికెల్లకు."

నమ్మాడు. మధ్యాహ్నమంతా చిక్కులు విప్పాడు. ఆమె టీ పోసిచ్చింది, నుదుటి చెమట తుడిచింది.

ఉక్కపోతకి చేతులు చెమర్చి కార్డులు ఉబ్బుతాయని ఆ గదిలో అందరూ వేళ్లకు పౌడరు రాసుకునేవారు. పైకట్టలో అతను ఇంకా తియ్యని కార్డుల అంచులు గోధుమరంగులోనే ఉన్నాయి. ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు. కిందికట్ట అంచులు మాత్రం పౌడరుతో తెల్లబడ్డాయి.

"రోజూ మార్చేది ఈ కిందిదయితే, ఎవరూ ముట్టందాన్ని నాసేత ఎందుకు బాగుసేయిస్తన్నావే? పాడయ్యేది సెయ్యి పడేచోటే గదా?"

కాంతం హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంది. అతను కిందికట్ట తిరగేశాడు. అన్ని తెల్ల అంచుల మధ్యా ఒక్క కార్డు కొత్తది. పౌడరు అంటలేదు.

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది. "ముట్టకు బావా."

"ఎన్నాళ్లనించి?"

"నిన్ను సేసుకుంతానంటేనే గదా, ఈ గదిలోకి నన్ను రానిచ్చినారు."

దూరాన రైలు కూసింది. డేవిడ్‌రాజు పొగ చిమ్మే సిగరెట్ లైటర్ నొక్కాడు. గదంతా పొగ. గుండు గోడలో దిగింది. ఆ కార్డు పీకేసి కట్టను మెషీన్‌లోకి తోశాడు. కాగితం మీద పడింది: మెయిన్ లైన్. చప్పుడుకు మనుషుల్తో పరిగెత్తుకొచ్చిన చీఫ్ ఫోనెత్తి స్టేషన్‌కు చెప్పాడు. సిగ్నల్ వాలింది. గోడలు అదరగొడుతూ రైలు దాటిపోయింది.

బేడీలు పడ్డాక కాంతం వెనక్కి తిరిగింది. "కొన్న పెళ్లికోక మీ అమ్మనే కట్టుకోమను బావా."

మర్నాడు పొద్దున్నే అతను చర్చికెళ్లి మూడో ప్రకటన చదవొద్దన్నాడు.

"ఏటయ్యింది బాబూ?" అన్నారు పాస్టరుగారు.

"ముందు సూడాల్సింది ఆకర్న సూసినానండి," అని సైకిలెక్కాడు.