సైరన్‌కి అందని మెసేజ్

ఢాం!

మెట్ల పక్క గోడ పెచ్చు ఊడి ఆమె భుజం మీద పడింది.

పరిగెత్తాలి... కాళ్లు రావడం లేదు.

భర్త పోయినప్పటి నుంచి ఆమెకి కంటి నిండా నిద్ర లేదు. ఇప్పుడు ఈ చీకట్లో, ఫ్యాక్టరీలో మనిషన్నవాడు లేని ఈ మూల, వెనకాల హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు. వాడి చేతిలో పిస్టల్!

పై అంతస్తు. కంట్రోల్ రూమ్.

దూరింది. గడియ పెట్టింది. లైటు వెయ్యలేదు.

ఫోన్? మెట్ల మీద జారిపోయింది.

కింద బూట్ల చప్పుడు. ఒక్కో గదీ వెతుకుతున్నాడు.

ఆమె నేల మీదే కూలబడింది. చంపితే చంపనీ అనిపించింది ఒక్క క్షణం. అంత అలసట.

కానీ తను పోతే ఆ లైను సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఆ లైను సాయంత్రమే కంటబడింది.

ఫ్యాక్టరీ అలారం ప్రోగ్రామ్ ఆమే రాసింది, సి అనే కంప్యూటర్ భాషలో. గ్యాస్ లీకైతే మీటర్ మెసేజ్ పంపుతుంది. సర్వర్ దాన్ని సాకెట్ మీద, అంటే రెండు కంప్యూటర్లని కలిపే దారి మీద, అందుకుని సైరన్‌కి పంపాలి.

గ్యాస్ లీకైన ఆ రోజు మీటర్ పంపింది. సర్వర్ అందుకుంది. సైరన్ మాత్రం మోగలేదు.

ట్యాంకు దగ్గర డ్యూటీలో ఉన్న ఆమె భర్త మళ్లీ లేవలేదు.

'నీ ప్రోగ్రామే తప్పు' అన్నారందరూ. ఆమె కూడా నమ్మింది.

తప్పు కాదు! అందుకోవడానికీ పంపడానికీ మధ్య ఎవరో ఒక్క లైను ఇరికించారు. 'కంటిన్యూ'. అంటే... దీన్ని పంపకు, వదిలేసి తర్వాతి దానికి పో!

మేనేజర్ పనే అనుకుంది. ఆమె ఆ ఫైలు తెరిచిందని సర్వర్‌లో కనబడే ఉంటుంది; హెల్మెట్ వాడు అతని మనిషే అయ్యుంటాడు.

కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఫ్యాక్టరీలో ప్రతి కంప్యూటరూ సర్వర్‌తో కనెక్షన్‌లోనే ఉంటుంది. అన్ని సాకెట్ల మీదా ఒకే మాట...

"కాపాడండి. ఎవరో నన్ను చంపబోతున్నారు."

సెండ్!

మెసేజ్ బైట్లన్నీ వెళ్లాయని స్క్రీన్ చూపించింది. వెళ్తే సరా? ఇక్కణ్ణించి కదిలాయని మాత్రమే దానర్థం. అవతల ఎవరో చదివారని కాదు.

స్క్రీన్ మెరిసింది.

"వదినా! నేను. ఎక్కడున్నావ్?"

మరిది! ఇక్కడే షిఫ్ట్ ఇంజనీర్. భర్త పోయాక ఆ ఇంటికి మిగిలిన దిక్కు.

ప్రాణం లేచొచ్చింది.

"కంట్రోల్ రూమ్‌లో, చిన్నా. నువ్వెక్కడ?"

"గేటు దగ్గర. గార్డుతో వస్తున్నా. తలుపు తీసి ఉంచు."

గడియ మీద చెయ్యి వేసింది. వేసి... ఒకసారి వెనక్కి, స్క్రీన్ వైపు చూసింది.

ప్రతి మెసేజ్ పక్కనా అది వచ్చిన కంప్యూటర్ అడ్రస్ కనబడుతుంది.

గేటు కాదు.

పంప్‌హౌస్!

సరిగ్గా ఈ గది కింద. ఇందాక బూట్ల చప్పుడు వినబడిన చోటు.

తనున్న చోటు తనే చెప్పేసింది... పంపిన మాట వెనక్కి రాదు!

మెట్ల మీద బూట్లు.

హెల్మెట్ వాడు మరిదే! ఆ లైను ఇరికించిందీ వాడే. మళ్లీ అన్ని సాకెట్ల మీదా...

"సైరన్ ఆపింది మా మరిది. కంట్రోల్ రూమ్ దగ్గరున్నాడు. తుపాకీ ఉంది."

సెండ్!

ఒక్క జవాబు. బాయిలర్ షెడ్ నుంచి. "వస్తున్నాం మేడమ్!"

తలుపు దబదబలాడింది.

"వదినా, తియ్యి!"

"ఎందుకు చేశావురా?" ఆమె గొంతులో కోపం కూడా లేదు.

అవతల చప్పుడు ఆగింది.

"సైరన్ మోగితే చాలు, ప్లాంటు ఆగిపోయేది. పైవాళ్లు నా ప్రాణం తోడేసేవాళ్లు... ఒక్క షిఫ్టు గట్టెక్కితే చాలనుకున్నా."

"మీ అన్నయ్య..."

"అన్నయ్య డ్యూటీ మార్చుకున్నాడని నాకు తెలీదు వదినా!"

ఏడుస్తున్నాడు.

"తెలిస్తే ఇంకెవరో పోయేవాళ్లు. అంతేగా?"



దూరంగా పరుగులు. కేకలు. కిటికీ మీద టార్చిలైట్లు!

"అమ్మకి... అమ్మకి నువ్వే చెప్తావా?"



పిస్టల్ క్లిక్‌మంది. ఆమె కళ్లు మూసుకుంది. పక్కకి తప్పుకునే ఓపిక లేదు.

ఢాం!

అవతల ఏదో బరువుగా నేలకి కూలిన చప్పుడు. ఆమె కళ్లు తెరిచింది.

తలుపుకి చిల్లు పడలేదు.