డిసెంబరు ముప్పై ఒకటి లోపు

"అబద్ధానికైనా ఓ హద్దుండాలి మాస్టారూ! అక్టోబరులో వస్తానన్నారు. ఇవాళ తారీకెంత?"

మంచు కురిసే ఫోర్ట్ కెంట్ ఊళ్లో ఎమరీ ఎన్నో ఇళ్లకి, ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపులు బిగించాడు గానీ, గుమ్మంలోనే ఇంత ఘనస్వాగతం ఎక్కడా దొరకలేదు.

"డిసెంబరు ఇరవై మూడండీ," అన్నాడు బుద్ధిగా.

"నాకు తెలుసు. మీకు తెలుసో లేదోనని అడిగా."

ఒడీల్ బళ్లో చిన్నపిల్లల టీచరు. హోంవర్కు చెయ్యని పిల్లాణ్ణి చూసినట్టే చూసి, దారిచ్చింది.

లోపల పొయ్యి పక్కన ఒడీల్ మామ్మ దగ్గుతోంది. కట్టెల పొగ ఇక పడదని డాక్టరు చెప్పబట్టే ఈ మిషను కొన్నారు.

"గడ్డకట్టే చలిగాలిలోంచి వేడి లాగుతుందా? వీడెవడే, గారడీవాడా?" అంది మామ్మ.

ఒక్కరోజు పని అది. ఎమరీ కళ్లు మూసుకుని చెయ్యగలడు. కళ్లు తెరవడంతోనే వచ్చింది చిక్కు. నిచ్చెన పట్టుకున్న ఒడీల్ నవ్వితే చేతిలో స్క్రూలు రాలిపోయాయి. మధ్యాహ్నం బక్‌వీట్ పిండితో అట్లు వేసి, వెన్న రాసి పెట్టింది. ఇంకేముంది, గోడకి నాలుగు బోల్టులు బిగించి, "మిగతాది రేపు" అన్నాడు.

మర్నాడు పైపులు వేశాడు. పండగ వెళ్లాక వైర్లు లాగాడు. తీరా గ్యాస్ వదిలే రోజు చూస్తే, పెట్టెలో గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజి లేదు!

"మీ సామాను మీరే చూసుకోలేరా?" అని ఎగతాళి చేసింది ఒడీల్. అది లేనిదే మిషను తిరగదు. కొత్తదానికి ఆర్డరు పెట్టాడు.

ముప్పయ్యో తారీకు పొద్దున ఫోను. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"పన్ను రాయితీకి కొన్న తేదీ చాలనుకున్నా ఎమరీ. ఇప్పుడే చదివాను, ఈ ఏడాదిలోపే మిషను నడవాలట. వచ్చే ఏడు అసలా రాయితీయే లేదట. మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు.

"అది రాకపోతే మిషను అప్పు తీర్చడానికి నాన్న పడవ అమ్మాలి. ఆయన చేత్తో చేసిందదొక్కటే మిగిలింది."

"అమ్మరు. కొత్త గేజి ఇవాళ రాత్రికొస్తుంది, రేపొస్తాను."

"రేపు మంచు తుఫానట."

"అయినా వస్తాను."

రోడ్లన్నీ మూసేశారు. మిట్టమధ్యాహ్నం మంచుబండి మీద, కొత్త గేజిని కోటు లోపల దాచుకుని దిగాడు ఎమరీ. కనుబొమలు తెల్లగా గడ్డకట్టాయి. ఒడీల్ చలికి వణుకుతూ పక్కనే నిలబడి, అడిగిన పనిముట్టల్లా అందించింది.

మూడింటికి మిషను తిరిగింది. మొదట చల్లగాలి కొట్టింది. మెల్లగా వెచ్చదనం దిగింది. మామ్మ శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది.

రాయితీ కాయితాల్లో తేదీ రాస్తుంటే ఒడీల్ కళ్లు చెమర్చాయి. ఎమరీ ఇక ఆగలేకపోయాడు.

"నన్ను తిట్టండి. ఇది ఒక్కరోజు పని. మిమ్మల్ని చూడ్డానికి కావాలనే సాగదీశాను. మీ నాన్న పడవ మీదికి తెచ్చాను. మీరంటే నాకు... చాలా ఇష్టం."

ఒడీల్ లేచి వంటింట్లోకి వెళ్లింది. అయిపోయింది, అనుకున్నాడు పాపం. ఆమె పిండి డబ్బా తెచ్చి, చెయ్యి లోపలికి పెట్టి, తెల్లగా పిండి అంటుకున్న పాత గేజి తీసి అతని చేతిలో పెట్టింది.

"పని అయిపోతే మళ్లీ రావేమోనని," అంది తల వంచుకుని. "కొన్న తేదీ చాలనుకున్నాను మరి!"

"ఇద్దరూ కలిసి నన్ను వారం రోజులు పొగలో కూర్చోబెట్టారా!" అంది మామ్మ. "ఒరే గారడీవాడా, శిక్షగా రాత్రి భోజనం ఇక్కడే చెయ్. కొత్త సంవత్సరం కూడా ఇక్కడే."

ఎమరీ ముఖం వెలిగిపోయింది. "ఏడాదికోసారి సర్వీసింగుకి కూడా రావాలి మామ్మా."

"ఏడాదికోసారా?" ఒడీల్ కనుబొమ ఎగరేసింది. "ఈసారి గేజి కాదు, నీ బండి తాళమే దాస్తాను."