కొట్టివేసిన వాక్యం

నోటరీ గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావడం లేదు. ఆ గది మీద, మూత ఊడిన జిగురుసీసా మీద, ఎదుట కూర్చున్న ముసలి నోటరీ మీద కళ్ళజోళ్ళ వ్యాపారికి సమానంగా ఏవగింపు కలిగింది. అన్నిటినీ మించి, నలభై రెండేళ్ళుగా మోస్తున్న తన పేరంటేనే అతనికి రోత.

ఆ పేరు అతనిది కాదు. పదకొండో నెలలో జ్వరంతో పోయిన అన్నయ్యది. రెండోవాడు పుట్టినప్పుడు మళ్ళీ మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కడానికి తండ్రికి బద్ధకం. పెద్దవాడి చావు నమోదు చేయించలేదు. వాడి జనన పత్రాన్నే, పేరుతో సహా, చిన్నవాడికి తగిలించాడు. చచ్చినవాడి చొక్కా బతికున్నవాడికి తొడిగినట్టు! ఆ పేరు పలికినప్పుడల్లా తల్లి చూపు అతన్ని దాటి ఇంకెక్కడికో పోయేది. ఒక్కసారైనా అమ్మ తనను తనగా పిలవాలి. అంతే అతని పంతం.

"పేరు మార్పు ప్రకటన పేపర్లో వేశారు, గడువులో అభ్యంతరాలేమీ రాలేదు. ఇక సంతకం పెడితే అయిపోయినట్టే," అన్నాడు నోటరీ. వ్యాపారి కలం తీసుకుని ప్రమాణపత్రంలో ఒక వాక్యం దగ్గర ఆగాడు. 'పాత పేరుగల వ్యక్తి, కొత్త పేరుగల వ్యక్తి ఒక్కరే.' దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"అయ్యయ్యో, అది ఉండాలి సార్! కొట్టేస్తే ఇద్దరవుతారు. ఆ రెండోవాడెక్కడని ఎవరన్నా అడిగితే?"

"మట్టిలో ఉన్నాడని చెప్పండి. వాడూ నేనూ ఒక్కటి కాదు. నడక కూడా రాకుండా పోయిన మాంసం ముద్ద వాడు."

"మీ ఇష్టం. నాదేం పోయింది?" నోటరీ ముద్ర గుద్దాడు.

ఇల్లు చేరేసరికి మసక చీకటి పడింది. కరెంటు లేదు. మూడో అంతస్తు మెట్లెక్కుతుంటే పొద్దున జరిగిన గొడవ గుర్తొచ్చింది. "మార్చుకుంటే మార్చుకో. నేను పాత పేరుతో పిలిస్తే పలకవట్రా?" అని తల్లి కళ్ళొత్తుకుంది. "వాడి పేరుతో పిలిస్తే వాడే పలుకుతాడు," అని అతను విసురుగా బయటికి వచ్చేశాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపలినుంచి విరిగిన పాల వాసన, జ్వరం మందు తాలూకు తియ్యటి కంపు...

వంటగదిలోంచి తల్లి పిలిచింది. పాత పేరే.

అతను పెదవి విరిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు. పలకలేదు.

"ఆఁ... వస్తున్నానమ్మా."

పడకగదిలోంచి వచ్చింది ఆ జవాబు. అతని గొంతే. కాకపోతే చాలాకాలం వాడక బిగుసుకుపోయిన గొంతు.

లోపల అడుగులు... తడబడుతూ. ఒకటి. ఆగింది. మరొకటి.

"వచ్చావా నా తండ్రీ..." తల్లి గొంతులో అంత ప్రేమను అతను ఏనాడూ వినలేదు.

"అమ్మా!" గుమ్మంలోంచి అతను కేకేశాడు.

తల్లి కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతని ముఖంలోకి తేరిపార చూసింది. మర్యాదగా అడిగింది.

"ఎవరు కావాలండీ?"

"నేనమ్మా... నేనే." అతను తడుముకుంటూ తన కొత్త పేరు చెప్పాడు. మొదటిసారి పైకి పలికిన ఆ పేరు, ఎవరి పేరో చెబుతున్నట్టు వినిపించింది.

"ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు బాబూ." ఆమె లోపలికి తిరిగింది. "ఒరేయ్ పెద్దాడా, నీకేమన్నా తెలుసా?"

చీకట్లో ఎవరో చులకనగా నవ్వారు.

"వాడూ నేనూ ఒక్కటి కాదమ్మా. తలుపేసెయ్."

గడియ పడింది. అతను కూలబడ్డాడు. చేతికి ఏదో తగిలింది. తల్లి ఇన్నేళ్ళూ పెట్టెలో దాచిన చంటివాడి బూట్లు. వాడు ఒక్కనాడూ తొడుక్కోనివి. గుమ్మం పక్కన విడిచి ఉన్నాయి.

బూట్ల అడుగులు రెండూ అరిగి, చిల్లులు పడి ఉన్నాయి. లోపల ఇంకా వెచ్చగా ఉంది.