జాడదీపం కింద పిట్టలదొర

గీ ముచ్చట నువ్వు నమ్మవు. మీసం మీద ఒట్టేసి చెప్తున్న, నమ్మనే నమ్మవు. నమ్మే మొఖమే అయితే నీకు చెప్పుడెందుకు, పోయి గోడకు చెప్పుకుందును. అయినా కూసో. చాయ్ చెప్పు. ఇను.

ఇది మనకంటే జర ముందట నడుస్తున్న కాలం. బస్సులు డ్రైవర్ లేకుంట తిరుగుతున్నయి. పత్తి చేన్లకు డ్రోన్లు మందు కొడుతుంటే రైతు గట్టు మీద కూసోని పల్లీలు బుక్కుతుండు. ఇగ ఫోన్లంటవా, అవ్వి మనిషిని మింగి మనిషిని కక్కుతున్నయి. ఎన్నడో కాలం చేసిన తాత ఫోన్ల కనవడి, "బిడ్డా, ఫలానోని చిట్టీల చేరు" అని నవ్వుకుంట చెప్తుండు. కండ్లను నమ్మాల్నో చెవులను నమ్మాల్నో ఎవనికీ తెల్వని కాలం.

గప్పుడు సర్కారు కానూన్ తెచ్చింది. ప్రతి బడిల లైబ్రరీ ఉండాలె. అండ్ల పుస్తకాలతోని పాటు ఒక జాడదీపం ఉండాలె. ఏదన్న మాట చెవుల పడితే దాన్ని ఎట్ల విచారించాలెనో పోరగాండ్లకు లెక్కలు నేర్పినట్టే నేర్పాలె. అందుకు ఒక పంతులమ్మ ఉండాలె. కానూన్ బంగారమే. తోకకు ఒక ముల్లుండె, అది తర్వాత చెప్త.

సిలుకలపల్లె బడికి దీపం వచ్చిన నాడు ఊరు ఊరంత లైబ్రరీ అర్రల దూరింది. దాన్ని తయారు చేసిన డాక్టర్ జహీర్ సారే సొంతంగ తెచ్చిండు. బక్క మనిషి. మాట మెల్లగ ఉంటది. గంపంత దీపం, కింద రాగి పల్లెం.

"ఎవరి ఫోన్లనన్న నమ్మబుద్ధి కాని బొమ్మ ఉంటే ఇయ్యిండ్రి" అన్నడు సార్.

ఆ వారం అందరి ఫోన్లల్ల రెండు తలకాయల దున్నపోతు తిరుగుతుండె. ఒకామె తన ఫోను పల్లెంల పెట్టింది. కిటికీలు మూసి మీట నొక్కిండ్రు.

అబ్బ, ఆకాశం గోడ మీదికి దిగింది. ఒక చుక్క ఎలిగింది, అది ఆమె ఫోను. దాన్నుంచి సన్నటి ఎలుగు దారం ఎనకకు పోయింది, ఇంకో చుక్క. అది పంపినోని ఫోను. ఆన్నుంచి కరీంనగర్, ఆన్నుంచి హైదరాబాద్, ఆన్నుంచి సముద్రం దాటి పోతనే ఉంది. పక్కలకు లచ్చల చుక్కలు, ఒక్కొక్కటి నమ్మిన ఒక్కొక్క మనిషి. ఊపిరి ఇడిచినా చుక్కలు ఆరిపోతయేమో అన్నట్టు జనం నిలవడ్డరు. ఆఖరికి దారం పోయి నడి సముద్రంల ఒక ఓడ మీద ఆగింది. వంట చేసేటోడొకడు పొద్దు పోక ఆ బొమ్మ చేసిండు.

"దీపం నిజం చెప్పదు" అన్నడు జహీర్ సార్. "కాలువ గట్టు పట్టుకుని పైకి నడిస్తే తూము కాడికి పోతం గదా. మాట గట్టు పట్టుకుని ఇది మనల్ని తూము కాడికి తోలుకపోతది. మాట పుట్టిన జాగ చూపిస్తది. నమ్మాల్నా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలె."

అందరు నోర్లు తెరిచి చూస్తుంటే ఎనకకెళ్ళి ఒక గొంతు లేచింది.

"గింతేనా సార్? మా తాత ఇసొంటి దీపంతోని చుట్ట అంటించుకునేటోడు."

ఆయనే నాంపెల్లి. పిట్టలదొర. ఖాకీ కోటు, వంకర టోపీ, భుజాన కట్టె తుపాకి. ఇంటింటి ముందల నిలవడి గొప్పలు చెప్పుడే ఆయన పని, ఆయన తాతలనాటి పని. చెప్పే ముచ్చట అబద్ధమని చెప్పేటోనికీ ఎరుకే, ఇనేటోళ్ళకూ ఎరుకే. నవ్వుతరు, చాటెడు బియ్యం పోస్తరు. ఆయన తాతకు దోమల మంద ఉండెనట, పొద్దుగాల పాలు పిండితే చెరువు మత్తడి దుంకేదట. ఆయన పేల్చిన తుపాకి గుండు ఇంకా పోతనే ఉందట, నిన్ననే చంద్రుని కాడ ఆగి చాయ్ తాగిందట.

గసొంటోని పొట్ట మీద కొట్టింది దీపం. స్వరూప మేడం లైబ్రరీకి పంతులమ్మ. ఆమె నేర్పుడు నేర్పితే పోరగాండ్లు పుస్తకాలు తిరగేసుడు, దీపం పెట్టుడు, "ఎవరు చూసిండ్రు? ఎప్పుడు చూసిండ్రు? నీకెవరు చెప్పిండ్రు?" అని అడుగుడు. నాంపెల్లి వాకిట్ల నిలవడి తుపాకి ఎత్తంగనే ఏడో తరగతి అక్షిత ఎదురొచ్చేది.

"దొరా, దోమ పాల జాడ దీపంల దొరకలే."

"దొరకది బిడ్డా. పెరుగు తోడేసిన."

"ఆ పెరుగు తిన్నోళ్ళను ఒక్కల్ని చూపియ్యి."

పోరగాండ్లు నవ్వుడు నవ్వుతరు గని నాంపెల్లి పానం సల్లవడకపాయె. ఇసొంటి ఊర్లె నేను ఉండుడేంది అనుకున్నడు. "మీ దీపం కొండెక్క" అని తిట్టి, గుట్ట అవతల బండపల్లెకు నడిచిండు.

బండపల్లెల లైబ్రరీ అని బోర్డు ఉంది, లోపట బ్లీచింగ్ పౌడర్ సంచులు ఉన్నయి. దీపం లేదు, పంతులమ్మ లేదు. ఫోన్లు మాత్రం పండుకున్న కోడికి తప్ప అందరికీ ఉన్నయి. నాంపెల్లికి పండుగ లెక్క అనిపించింది. చౌరస్తాల నిలవడి గొంతు సవరిచ్చిండు.

"మా తాత షుగరు బీమారితోని మంచాన పడ్డడు. ఊరవతల క్వారీ గుంతల పచ్చనీళ్ళు ఒక్క సీసా తాగిచ్చిన. లేచి కూసోని సూది బెజ్జంలకెళ్ళి హైదరాబాద్ చూసిండు. చార్మినార్ కాడ గాజులమ్మేటామె ఆవలించింది గూడ కనవడ్డది."

ఎవ్వలూ నవ్వలే. ఫోన్లు పైకి లేచినయి, వీడియో తీసుకున్నరు. బియ్యం మాత్రం దండిగ పోసిండ్రు. నాంపెల్లికి ఏందో తిక్కతిక్కగ అనిపించింది. మూట కట్టుకుని ఎల్లిపోయిండు.

మల్ల వారం అంగడి నాటికి బండపల్లెకు పోతే ఓదెమ్మ కనవడ్డది. ముసల్ది అరుగు మీద కూసోనున్నది. కాళ్ళు ఉబ్బినయి, కండ్లు మసకలు పడ్డయి. పక్కన సీసా, అండ్ల పాచి పట్టిన పచ్చనీళ్ళు.

"నీ పుణ్యం దొరా" అన్నది. "షుగరు గోలీలన్ని బంద్ చేసిన. గివ్వే తాగుతున్న."

నాంపెల్లి కట్టె తుపాకి జారి కింద పడ్డది.

"అవ్వా, అది అబద్ధం. పిట్టలదొర మాట. నవ్వుటానికి చెప్పిన."

"నీ మాట నమ్మేటందుకు నేను పిచ్చిదాన్నా కొడుకా? ఫోన్ల పెద్ద డాక్టరు చెప్పిండు."

చూపెట్టింది. తెల్లకోటు, మెడల గొట్టం, సల్లని నవ్వు. క్వారీ నీళ్ళు, షుగరు, సూది బెజ్జం, అన్నీ నాంపెల్లి ముచ్చట్లే. నాంపెల్లి మొఖం మాత్రం లేదు. ఎవడో ఫోను తోని ఆయన వీడియోను డాక్టరు జేసిండు.

"అవ్వా, వాడు డాక్టరు కాదు, నేను. ఆ మాట నాది."

"ఇప్పుడు ఆడుతున్నవు అబద్ధం" అన్నది ఓదెమ్మ. "క్వారీ నీళ్ళన్ని తమకే మిగలాలని మీ ఊరోళ్ళే నిన్ను పంపిండ్రు. మా వాడకట్టంత అదే అంటున్నరు."

పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి నాంపెల్లి అబద్ధం చెప్తే జనం నవ్విండ్రు. ఇయ్యాల నిజం చెప్తే నమ్ముతలేరు. ఓదెమ్మ ఉబ్బిన పెయ్యి చూస్తే బతికే పొద్దు ఎక్కువ లేదు. గుట్ట దిక్కు ఉరికిండు. టోపీ ఏడ పడ్డదో గూడ చూసుకోలే.

బడికి పోయేసరికి లైబ్రరీ ముందల బండి నిలవడి ఉంది. జహీర్ సార్ దీపాన్ని దుప్పట్లల్ల చుడుతుండు. స్వరూప మేడం పుస్తకాలను డబ్బాలల్ల పెడుతుంది. రేపటి కెళ్ళి అది బియ్యం బస్తాల అర్రనట.

కానూన్ తోక ముల్లు ఇదే. దీపాలు తక్కువ, బడులు ఎక్కువ. దీపానికి కరెంటు మీటరు లెక్క ఒక మీటరు, దీపం ఎలిగితేనే తిరుగుతది. ఏ బడిల ఆ మీటరు తిరగదో ఆ బడికి దీపం అక్కరలేదని లెక్క. దీపం పోతది, దాని ఎనక పంతులమ్మ పోతది, ఆమె ఎనక అర్ర పోతది.

"పోరగాండ్లు నేర్చుకున్నరు గనుకనే దీపం ముట్టుకుంటలేరు సార్" అంటున్నది మేడం. "ఫోను చూడంగనే అబద్ధాన్ని వాసన పట్టేస్తున్నరు. ఈత వచ్చినోడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుంటడా?"

"నాకు తెలుసు మేడం" అన్నడు జహీర్ సార్. "మీటరుకు తెల్వదు."

నాంపెల్లి గడప మీద కూలవడ్డడు.

"సారూ, ఒక్కసారి ఎలిగియ్యి. నేను చెప్పింది అబద్ధమని నిరూపియ్యాలె."

మేడం చేతిల పుస్తకం ఆగింది. "దీపం కొండెక్కాలని తిట్టినోనివి నువ్వే గదా దొరా?"

"తిట్టిన. నా నోట్లె మన్ను పడ. ఆడ ఒక ముసల్ది పోతది మేడం."

జహీర్ సార్ దుప్పటి ఇప్పిండు.

ఆటోల ఓదెమ్మను తెచ్చిండ్రు. ఆమె ఎనక సగం బండపల్లె వచ్చింది, సిలుకలపల్లోళ్ళ మోసం బయట పెడదామని. అక్షిత ఓదెమ్మ ఫోను తీసి రాగి పల్లెంల పెట్టింది. కిటికీలు మూసిండ్రు.

ఓదెమ్మ చుక్క ఎలిగింది. దాని ఎంబడి బండపల్లె ఎలిగింది, ఇంటికొక చుక్క. జనం తమ తమ చుక్కలు గుర్తు పట్టిండ్రు. "గది మా ఇల్లు" అన్నడొకడు, అని తల కిందికి ఏసుకున్నడు. ఎలుగు గోడ పట్టక చూరు మీదికి పాకింది. ఎక్కడెక్కడి ఊర్లో, ఏ భాషల జనమో, అందరి ఇండ్లల్ల క్వారీ నీళ్ళే. నాంపెల్లి తల పైకెత్తి చూసిండు. తన నోట్లెకెళ్ళి దుంకిన ఒక్క మాట ఇంత ఆకాశం అయిందా అనుకున్నడు. ఆయన తాత గొప్పలన్ని కలిపినా గింత పెద్దగ లేకుండె.

అప్పుడు దారం ఎనకకు మళ్ళింది. చుక్కలు ఒక్కొక్కటి ఆరుకుంట వచ్చినయి. డాక్టరు మెడల గొట్టం కరిగింది. తెల్లకోటు మెల్లమెల్లగ ఖాకీకి తిరిగింది. సల్లని గొంతు బొంగురువడి, బొంగురువడి, మనకెరుకైన గొంతయింది. ఆఖరికి గోడ మీద ఒక్కటే చుక్క మిగిలింది. బండపల్లె చౌరస్తా. అండ్ల వంకర టోపీ, కట్టె తుపాకి. "మా తాత షుగరు బీమారితోని..." అంటుంది ఆ బొమ్మ.



ఓదెమ్మ బొమ్మను చూసింది. పక్కన నిలవడ్డ నాంపెల్లిని చూసింది. మల్ల బొమ్మను చూసింది.

"ఓరి నీ తాత పాడుగాను" అన్నది. "చార్మినార్ కాడ గాజులమ్మేటామె ఆవలించిందారా?"

అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వితే బండపల్లె నవ్వింది, ఆ ముచ్చటకు ఎన్నడో రావాల్సిన నవ్వు. నవ్వుకుంటనే "నా గోలీల డబ్బా ఏడుందే" అని కోడలిని అడిగింది. అదే ఆటోల దవాఖానకు తోలిండ్రు. బతికింది. ఇప్పటికీ నాంపెల్లి కనవడితే చెప్పు చూపెడతది.

ఇగ మీటరు అంటవా, ఆ ఒక్క పూటకు గిరగిర తిరిగి పొగలు కక్కింది. జహీర్ సార్ మీటరు దిక్కు చూసిండు, మేడం దిక్కు చూసిండు, నాంపెల్లి దిక్కు శానసేపు చూసిండు. దీపాన్ని బండి ఎక్కించలే.

పట్నం పోయి సర్కారుకు ఒకటే చెప్పిండట. "పిల్లలు నేర్చుకున్న కాడ దీపం ఎలుగది. అది తప్పు కాదు. వాళ్ళ తెలివికి మేత కావాలె." సర్కారు ఎప్పుడన్న సగమే ఇంటది గదా, మీటరును తీయలే గని గీ మేత సగం ఇన్నది. ప్రతి లైబ్రరీకి ఒక అబద్ధాలకోరును పెట్టాలని హుకుం జారీ చేసింది. పక్కూర్ల లైబ్రరీలకెళ్ళి బ్లీచింగ్ సంచులు బయటికి పోయినయి, పుస్తకాలు లోపటికి వచ్చినయి, ఒక్కొక్క కుర్సీల ఒక్కొక్క పిట్టలదొర కూసున్నడు. సిలుకలపల్లె కుర్సీ మన నాంపెల్లిది. మేడం బల్ల పక్కనే, ఫ్యాను కింద.

ఆడనే వచ్చింది తిప్పలు. కట్టె తుపాకి పట్టి వాకిట్ల చెప్పినన్నాళ్ళు నవ్వినోళ్ళు, సర్కారు కుర్సీల కూసోని చెప్తే చేతులు కట్టుకుని ఇనవట్టిరి. మొన్న ఊరి పెద్దమనిషొకడు ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చిండు.

"దొరా, దోమ పాల డెయిరీకి సర్కారు సబ్సిడీ ఇస్తున్నదట గదా. నా పేరు రాయరాదు."

"అది అబద్ధం పటేలా" అన్నడు నాంపెల్లి తల కొట్టుకుంట.

"సర్కారు మనిషివి, నువ్వు అబద్ధమాడుతవా?" అన్నడు పటేల్.

అక్షిత వచ్చి పటేల్ చెయ్యి పట్టుకుని దీపం కాడికి తోలుకపోయింది. మీటరు తిరిగింది. అర్ర ఇంకో పొద్దు నిలిచింది.

నమ్ముతలేవు గదా? నాకెరుకే. నీ మొఖం చూస్తనే తెలుస్తుంది. అయితే లేవు. సిలుకలపల్లెకు పో, గీ ముచ్చటను ఆ రాగి పల్లెంల పెట్టు, కిటికీలు మూసి, నేను చెప్పింది తప్పని తేల్చు చూద్దాం. నువ్వు తేల్చినా తేల్చకున్నా మీటరైతే తిరుగుతది, ఆ అర్రల బియ్యం బస్తా పడది. పోవా? పోకుంట ఇంట్లనే కూసుంటే మాత్రం, బిడ్డా, నేను చెప్పిందంత నిజమే.