ముసలమ్మ కొమ్ము మీద మంచుచూరు

మా ఉత్తర స్కాట్లాండ్ కొండల్లో ఎంతటి ధైర్యశాలీ శీతకాలంలో ముసలమ్మ కొమ్ము అనే శిఖరం తూర్పు అంచున నడవడు. అక్కడ గాలి పేర్చిన మంచు, ఇంటిచూరులా శూన్యంలోకి పొడుచుకొని ఉంటుంది. పైనుంచి చూస్తే నేలే అనిపిస్తుంది. అయినా మావాళ్ళు భయపడేది చూరుకు కాదు...

అమ్మమ్మ మార్సలి నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

ఆమె అక్క షోనా ఆ అంచునుంచే పడి చనిపోయింది. "వద్దంటున్నా వినకుండా ముందు నడిచింది," అని షోనా భర్త టార్క్విల్ ఊరంతా చెప్పాడు. అమ్మమ్మ నమ్మలేదు. మరుసటి శీతకాలం, శిఖరం మీది రాళ్ళగుట్టలో అక్క పేరిట ఒక రాయి ఉంచుదామని బావను వెంటబెట్టుకొని వెళ్ళింది. ఆమెకు కావలసింది నిజం.

రాయి ఉంచి తిరిగేసరికి మబ్బు కమ్మేసింది. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. పొద్దు కుంగుతోంది.

టార్క్విల్ మంచుముద్ద చేసి ముందుకు విసిరాడు. అది కంటికి ఆనితే నేల ఉన్నట్టు, మాయమైతే అంచు. ముద్ద దాకా నడక... మళ్ళీ ముద్ద... మళ్ళీ నడక.

అతడు దిక్సూచి తీసినప్పుడు అమ్మమ్మ ఆగిపోయింది.

"అది అక్కది కదూ, బావా?"

"అయితే?"

"ముందు నడిచి పడిపోయిన మనిషిది... వెనకున్న నీ చేతికెలా వచ్చింది?"

టార్క్విల్ దిక్సూచిని జేబులోకి తోసేశాడు.

"కాలు మడతపడి కూలబడింది," అన్నాడు. "ఇద్దరం చావడమెందుకని దిక్సూచి లాక్కొని, ఆమెను అక్కడే వదిలి వచ్చేశాను; దారి తెలియక అంచు దాటి ఉంటుంది. వెళ్ళు, కిందికి దిగి చాటుకో! పిచ్చిపిల్ల అని నవ్వుతారు."

మళ్ళీ ముద్ద విసిరాడు. అది నిలిచింది.

"చూశావా? బంగారంలాంటి నేల. మీ అక్కలా వణక్కు, పద!"

రెండంగలు వేశాడు—

మంచుచూరు ఫెళ్ళున విరిగిపోయింది.

అంచులో దిగిన మంచుగొడ్డలిని పట్టుకొని, అగాధం మీద వేలాడుతున్నాడు టార్క్విల్. "మార్సలీ! చెయ్యి... చెయ్యి ఇయ్యమ్మా!"

అంత విన్నాక కూడా, అమ్మమ్మ మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి చాచింది.

అప్పుడు చూసింది. నేల విరిగి పడినా ముద్ద పడలేదు. శూన్యంలో, నీలిరంగు తిరిగిన ఒక అరచేతిలో... కదలకుండా ఉంది.

చెవి పక్కనే, మంచుకన్నా చల్లగా ఒక గుసగుస.

"నువ్వు ఆగు, చెల్లీ... నేనిస్తాను."