మనవాడే అన్న మాట

కాలువలో తేలిన శవానికి వేలిముద్రలు లేవు. యాసిడ్‌తో కాల్చేశారు. జేబులో ఎయిర్‌పోర్టు ఫ్యూయల్ డిపో ఆఫర్ లెటర్ ముక్క మిగిలింది. పేరున్న భాగం చిరిగిపోయింది.

"ఇతని పేరుతో శత్రు ముఠా మనిషి ఉద్యోగంలో చేరిపోయాడు," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నం పొరుగు దేశ ప్రధాని విమానం అక్కడే ఇంధనం నింపుకుంటుంది. హెచ్చార్ మేనేజర్ మీద కన్నేసి ఉంచు. ముఠాతో తిరుగుతోంది."

ఏజెంట్ డేగ లేబర్ ఇన్‌స్పెక్టర్ వేషంలో డిపోకి వెళ్లాడు. కళ్లజోడు ఫ్రేములో కెమెరా.

యజమాని చెమటలు తుడుచుకున్నాడు. "కొత్తవాళ్లు ఇద్దరే సార్. ఒకడు వాల్వ్ రూమ్‌లో, ఇంకొకడు పంపుల దగ్గర. పంపులవాడి యాస వింటే చాలు, పరాయి దేశంవాడని తెలిసిపోతుంది. వాణ్ణే పట్టుకోండి."

డేగకీ అదే అనుమానం.

"యాసని బట్టి దొంగని చేస్తారా?" హెచ్చార్ మేనేజర్ ఎర్రటి పెదవులతో నవ్వింది. "అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒరిజినల్సన్నీ చూశాను. వర్క్ పర్మిట్ గడువు ముగిసేలోపు మళ్లీ చూస్తాను."

ఈవిడకెందుకింత వత్తాసు? డేగ చెయ్యి కోటు లోపలి పిస్టల్ మీదికి పోయింది.

"వాల్వ్ రూమ్ అతనివి?"

ఆమె యజమాని వైపు చూసింది. ఆయన నసిగాడు. "మా బావమరిది ఫోన్ చేశాడండీ, మనవాడే అని. జిరాక్సులు పంపాడు. ఒరిజినల్స్ తర్వాత చూద్దాంలెమ్మని నేనే..."

బయట విమానం దిగిన హోరు. డేగ పరుగెత్తాడు. వెనకే హైహీల్స్ చప్పుడు.

వాల్వ్ రూమ్‌లో పైపుకి నల్లటి పెట్టె అతికించి ఉంది. ఓవరాల్స్ తొడుక్కున్న మనిషి బొటనవేలు రిమోట్ బటన్ మీద ఉంది. డేగ మెడ వెనక పిస్టల్ క్లిక్‌మంది. అయిపోయాననుకున్నాడు.

"వంగండి!"

తూటా డేగ తల మీదుగా వెళ్లి ఆ మనిషి చేతిని చీల్చింది. రిమోట్ ఎగిరిపడింది. డేగ వాణ్ణి నేలకి అదిమిపట్టాడు. కాల్పుల చప్పుడు విని పంపులవాడు పరుగున వచ్చి మెయిన్ లైన్ కట్టేశాడు.

"నన్ను కొనేశామనుకుంటున్నారు ముఠావాళ్లు," అందామె పిస్టల్ దాచుకుంటూ. "వాళ్ల మనిషెవరో మాత్రం నాక్కూడా చెప్పలేదు. నేను మనవైపేనని చీఫ్ మీకు చెప్పలేదా?"

"ఆయన నన్నే నమ్మడు. మీ సంగతి చెప్తాడా?"

సాయంత్రానికి బావమరిది దొరికాడు. ముఠా దగ్గర కమీషన్ తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. కాగితాలు చూడకుండా పనిలో పెట్టుకున్నందుకు యజమాని మీదా కేసు పడింది.

"తమ్ముణ్ణి పట్టుకెళ్లారని మా ఆవిడకెలా చెప్పనండీ?" అన్నాడాయన బిక్కమొహంతో.

"మీరు లాయర్ని చూసుకోండి," అన్నాడు డేగ. "మీ ఆవిడకి నేను చెప్తాను. ప్రాణాలకి తెగించే ఉద్యోగం నాది."